ఎవరి కొలతలూ కాని చొక్కా

మాస్టారి టైలరింగ్ షాపులో రెండు కుట్టు మిషన్లు ఉన్నాయి. కిటికీ పక్కది పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకలాడుతూనే ఉంటుంది. గోడవారగా ఉన్న రెండోది చొక్కా తొడుక్కుని ఊరికే కూర్చుంటుంది.

కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి ఒక్క క్షణం ఆగుతారు. మిషన్ మీద గుడ్డ కప్పడం ఎక్కడైనా ఉన్నదే గాని, ఇది బొత్తాలూ కాజాలూ ఉన్న నిజం చొక్కా. లేత నీలం మీద సన్నటి తెల్ల చారలు. కుట్టులో వంక పెట్టడానికేమీ లేదు. కొలతలు చూస్తేనే మతి పోతుంది. ఛాతీలో ఇద్దరు మనుషులు కాపురం పెట్టొచ్చు. భుజాలు మాత్రం బడికి వెళ్ళే పిల్లవాడివి. నడుము దగ్గరికొచ్చేసరికి ఆ ఇద్దరిలో ఒకరు ఎటు పోయారో తెలియదు. కఫ్‌లో మోకాలు పడుతుంది.

ఎవరిదండీ ఇది అని అడిగితే, దుమ్ము పడకుండా వేశాం అని మాస్టారు మాట దాటేసేవారు. నిజానికి అది ఎవరిదో ఆయనకూ తెలియదు. రెండేళ్ళ కిందట ఆయన భార్య పోయాక ఆరు వారాలు ఆయన షాపు గుమ్మం తొక్కలేదు. ఆ ఆరు వారాలూ షాపును నెట్టుకొచ్చింది ఆయన మరదలు, అంటే భార్యకు సొంత చెల్లెలు. తిరిగి వచ్చిన రోజున ఈ చొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి వేలాడుతూ కనబడింది. ఇదేమిటని అడగబోయి, మాస్టారు ఆమె ముఖం చూసి ఆగిపోయారు. ముప్పై ఏళ్ళుగా పావు అంగుళం తేడా రానివ్వని చెయ్యి ఇలా కుట్టిందంటే, అక్క పోయిన దుఃఖం ఎంతలా తాకిందో అనుకున్నారు. అనుకుని, చొక్కా చాలా బాగుందమ్మా అన్నారు. ఆమె ఏదో అనబోయి ఊరుకుంది. మర్నాడు దాన్ని తనే తెచ్చి అక్క మిషన్‌కి తొడిగింది. అంతటితో ఆ సంగతి ముగిసింది.

మామూలుగా ఆమె ఊరుకునే మనిషి కాదు. మిషన్ ఎంత వేగంగా నడుస్తుందో నోరూ అంతే వేగం. కస్టమర్లు అది కాస్త వదులు చెయ్యండి, ఇది కాస్త బిగించండి అని నసిగితే, “నేను మనిషిని కుట్టనండీ, చీటీని కుడతాను. చీటీలో ఏముంటే అదే. మార్చాలంటే మా బావగారిని అడిగి చీటీ మార్పించండి” అని తేల్చి చెప్పేది.

చీటీ సంగతి కొంచెం చెప్పాలి. కొలతలు తీసుకుని మాస్టారు చిన్న కాగితం మీద వరసగా రాస్తారు: పొడవు, భుజం, చెయ్యి, ఛాతీ, నడుము, మెడ, కఫ్. దాన్ని గుడ్డకి గుండుసూదితో గుచ్చుతారు. బట్ట కుట్టి ఇస్త్రీ అయ్యాక చీటీని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వెయ్యాలి. ఇది ఆయన భార్య పెట్టిన పద్ధతి. చీటీ మిగిలితే అదే బట్టను రెండోసారి కుట్టేస్తారని ఆవిడ భయం. ఒకసారి అలా జరిగింది కూడా.

ఒక మంగళవారం పొద్దున మాస్టారి ఫోనుకి ఒక ఉత్తరం వచ్చింది. మీ కుటుంబ ఆల్బమ్‌ను రెండేళ్ళుగా ఎవరూ తెరవలేదు, పన్నెండు రోజుల్లోగా లోపలికి వచ్చి చూసుకోకపోతే అందులోవన్నీ శాశ్వతంగా తీసేస్తాం అని దాని సారాంశం. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు చదివారు.

ఒక కంపెనీ దగ్గర ఇంటర్నెట్‌లో దాచిన ఆ ఆల్బమ్ ఆయన భార్యది. ఏ బట్టయినా సరే, వేసుకునే మనిషిని అద్దం పక్కన నిలబెట్టి ఫోటో తియ్యకుండా షాపు దాటనిచ్చేది కాదు. మనిషి సరదాగా ఉంటే వీడియో. పదకొండేళ్ళ పాటు అలా తీసింది. తీసేది ఆవిడే కాబట్టి ఒక్కదాంట్లోనూ ఆవిడ కనబడదు. వెనకనుంచి మాట మాత్రం వినబడుతుంది. పొట్ట లోపలికి లాక్కండి, ఆ లాక్కున్నది కాస్త అలాగే ఉంచండి, నవ్వితే డబ్బులేం అడగం అంటూ. ఆవిడ ఫోటోలు ఇంట్లో బోలెడున్నాయి. గొంతు మాత్రం ఆ ఒక్కచోటే ఉంది.

ఆవిడ వాడిన టాబ్లెట్ బ్యాటరీ ఉబ్బి పాడైపోయినప్పుడు మాస్టారు పెద్దగా దిగులు పడలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్తదాంట్లో తెరుచుకోవచ్చు, పాస్‌వర్డ్ చీటీ సొరుగులో ఉంది కదా అన్నది ఆయన ధీమా. మనసు గట్టిపడ్డాక చూద్దాంలే అనుకుంటూనే రెండేళ్ళు గడిచాయి.

పాస్‌వర్డ్ పెట్టిన రోజు ఆయనకు బాగా గుర్తు. పుట్టినరోజులూ పేర్లూ పెట్టుకోవద్దు, ఎవరైనా ఊహించేస్తారని కూతురు చెవినిల్లు కట్టుకుని చెప్పింది. మొదట షాపు పేరులోని అక్షరాలు పెట్టి, తర్వాత నోటికొచ్చిన అంకెలు పెట్టారు. ఆ అంకెల్ని ఎక్కడ దాచాలి? మాస్టారికి ఒక ఉపాయం తట్టింది. కొలతల చీటీలా రాసి, పైన ‘కొత్త కస్టమర్’ అని పెట్టి, దారపు ఉండల సొరుగులో పడేశారు. దొంగ చూసినా టైలర్ షాపులో చీటీ కాక ఇంకేముంటుంది అనుకుంటాడని ఆయన లెక్క. ఆవిడ ఆ చీటీ చదివి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది.

ఇప్పుడు సొరుగు తెరిస్తే చీటీ లేదు.

దారపు ఉండలన్నీ బల్ల మీద బోర్లించారు. సొరుగే ఊడదీసి వెనక చెయ్యి పెట్టి తడిమారు. లేదు. జ్ఞాపకం మీద రెండుసార్లు కొట్టి చూశారు. రెండూ తప్పే. ఇంక మూడుసార్లు తప్పయితే పదిహేను రోజులు మూసేస్తాం అని తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఫోను బోర్లా పెట్టి కూతురికి కబురు చేశారు.

కూతురు గ్రంథాలయంలో కంప్యూటర్ల విభాగం చూస్తుంది. పని కాగానే వచ్చి, మర్చిపోయినవాళ్ళ కోసం ఉండే దారులన్నీ ప్రయత్నించింది. కొత్త పాస్‌వర్డ్ కోసం పంపే అంకెలు అమ్మ ఫోను నంబరుకే వెళ్తాయట. ఆ నంబరు ఎప్పుడో రద్దయిపోయింది. కంపెనీకి ఉత్తరం రాస్తే, అందింది, పరిశీలిస్తున్నాం అని క్షణంలో జవాబొచ్చింది. మనిషి చదివి రాసిన జవాబు కాదని ఆ వేగమే చెప్పింది.

ఆమె గట్టిగా ఏమీ అనలేదు గాని, అనకుండానూ ఉండలేకపోయింది. పాస్‌వర్డ్‌లు దాచుకోవడానికి వేరే యాప్‌లున్నాయని, పాస్‌వర్డ్ మేనేజర్ అంటారని, ఒక్క తాళం గుర్తుంచుకుంటే మిగతావన్నీ అదే దాస్తుందని ఏడాదిగా పోరుతూనే ఉంది. మాస్టారికి అది చెవికెక్కేది కాదు. అన్నీ తీసుకెళ్ళి ఒకే పెట్టెలో పెడితే ఆ ఒక్క పెట్టె పగలగొడితే చాలు కదా అనేవారు. ఎవరో ముక్కూ ముఖం తెలియని కంపెనీకి మన తాళాలు అప్పగించడమేమిటి అనేవారు. ఇంటి కరెంటు బిల్లుకీ, బ్యాంకుకీ, షాపు ఈమెయిల్‌కీ అన్నిటికీ ఆయన వాడేది ఒకటే పాస్‌వర్డ్. అది క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసి ఉంది.

శుక్రవారం దాకా వెతికారు. ఇల్లు వెతికారు, షాపు వెతికారు, ఆవిడ పాత చేతిసంచులు వెతికారు. శనివారం మధ్యాహ్నం కూతురు మళ్ళీ వచ్చి, నేల మీద కూర్చుని గుడ్డపీలికల మూట విప్పుతోంది. అప్పటిదాకా ఏదో ముఖ్యమైన కాగితం పోయిందనే మరదలికి తెలుసు. తన రహస్యపు తెలివి బయటపెట్టుకోవడానికి మాస్టారికి మొహమాటం.

“ఆ కాగితం ఎలా ఉంటుందో చెబితే నేనూ వెతుకుతాను గదా బావగారూ. నాలుగు రోజుల్నుంచి చూస్తున్నా, ఏం పోయిందో చెప్పకుండా ఇల్లంతా తిరగేస్తున్నారు” అంది ఆమె, గుడ్డ కత్తిరిస్తూనే.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. “మన కొలతల చీటీలాగే ఉంటుంది. కొత్త కస్టమర్ అని రాసుంటుంది. అసలు కొలతలు కావులే అవి. ఛాతీ యాభై ఎంతో వేశాను.”

కత్తెర ఆగింది. ఆమె తల తిప్పి గోడవారగా ఉన్న మిషన్ వైపు చూసింది. అది చొక్కా తొడుక్కుని ఎప్పటిలాగే కూర్చుని ఉంది.

“యాభై ఆరు” అంది మెల్లగా. “భుజం పదమూడు.”

“నీకెలా తెలుసు?”

“కుట్టాను గదా. కుట్టి, చీటీ చించేశాను.”

కత్తెర బల్ల మీద పెట్టి ఆమే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆ ఆరు వారాల్లో ఒకరోజు దారం కోసం సొరుగు తీస్తే చీటీ కనబడింది. చీటీకి గుడ్డ లేదు. పాపం ఎవరో ఇచ్చి వెళ్తే బావగారు ఎక్కడో పెట్టి మర్చిపోయారు అనుకుని షాపు గుడ్డలోంచే కత్తిరించింది. కొలతలు చూసి గుండె గుభేలుమంది. అక్క ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో రాసినట్టున్నారు, మనిషి ఎదురుగా ఉన్నా కళ్ళకి ఆనలేదు గావును అనుకుంది.

“అడిగితే బాధపడతారని అడగలేదు. మీరొచ్చి, చొక్కా చాలా బాగుంది అన్నారు చూడండి, అప్పుడింక ఏం చెయ్యాలో తోచలేదు. ఈ మనిషి ఇప్పట్లో కోలుకోడు అనుకున్నాను.”

“నేను నీ గురించి సరిగ్గా అదే అనుకున్నానమ్మా” అన్నారు మాస్టారు.

మొదట కూతురికి నవ్వొచ్చింది. తర్వాత మరదలికి. మాస్టారికి అందరికన్నా ఆలస్యంగా వచ్చింది గాని, వచ్చాక ఆగలేదు, బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. రెండేళ్ళు ఒకరికొకరు మతి చెడిందని జాలిపడుతూ, ఆ జాలి బయటికి కనబడకుండా ఎంత మర్యాదగా మసలుకున్నారో తలుచుకుంటే ఆయనకు నవ్వులోనే మనసు నిండిపోయింది. తనని అన్నాళ్ళు ఎవరో అలా కనిపెట్టుకుని ఉన్నారని తెలియడానికి చీటీ పోవలసి వచ్చింది.

మొదట తేరుకున్నది మరదలే. “నవ్వింది చాలు. చీటీ చించాను గాని చొక్కా చించలేదు గదా. టేపు తియ్యండి.”

మిషన్ మీదనుంచి చొక్కా తీసి కటింగ్ బల్ల మీద పరిచారు. మాస్టారు మెడలోంచి టేపు తీసి ఎంతో శ్రద్ధగా కొలిచారు. రాజుగారి కోటు అయినా అంత శ్రద్ధగా కొలిచి ఉండరు. పొడవు ముప్పై ఏడు. భుజం పదమూడు. చెయ్యి ఇరవై ఎనిమిదింపావు. ఛాతీ యాభై ఆరు, నడుము ముప్పై ఒకటి, మెడ ఇరవై ఒకటి, కఫ్ పదిహేను. ఆయన చెబుతుంటే కూతురు రాసుకుంది. పావు తీసేసి ఇరవై ఎనిమిదే అనుకుని కొట్టింది. తప్పు. ఇంక రెండే.

మాస్టారు చారల వెంబడి గుడ్డని వేళ్ళతో నలిపి చూశారు. “దీన్ని ఉతికావా?”

“రెండేళ్ళుగా దుమ్ము మింగుతోంది. ఉతక్కుండా ఎలా ఉంటాను? నాలుగైదు సార్లు ఉతికాను.”

“అదీ సంగతి. ఈ రకం గుడ్డ నిలువునా కుంచించుకుపోతుంది, అడ్డంగా కుంచించుకోదు. పొడవుకి అంగుళం కలపాలి. చేతికి ముప్పావు.” ఆయన గొంతులో చాలా రోజుల తర్వాత పని తెలిసినవాడి ధీమా పలికింది. “పొడవు ముప్పై ఎనిమిది. చెయ్యి ఇరవై తొమ్మిది. కొట్టమ్మా.”

కూతురు కొట్టింది. ఎర్ర అక్షరాలు మళ్ళీ వచ్చాయి. ఇంక ఒక్కటే.

ధీమా వచ్చినంత వేగంగానే జారిపోయింది. మాస్టారు మళ్ళీ అన్నీ కొలిచారు. అవే అంకెలు వచ్చాయి. కంపెనీ పెట్టిన గడువుకి ఇంకా ఎనిమిది రోజులుంది గాని, ఈసారి తప్పితే పదిహేను రోజులు తలుపు తెరుచుకోదు. తెరుచుకునేనాటికి లోపల ఏమీ ఉండదు. కూతురు ఫోను ఒళ్ళో పెట్టుకుని, కొట్టొద్దు నాన్నా, రేపు ఆలోచిద్దాం అంది.

మరదలు ఆ పూటకి మాట్లాడటం మానేసినట్టుంది. గుండుసూదులన్నీ అయస్కాంతానికి అంటించి, మళ్ళీ ఊడదీసి, మళ్ళీ అంటిస్తోంది. మాస్టారు ఆమెకేసి చూశారు. ముప్పై ఏళ్ళలో ఆమె అంతసేపు నోరు మూసుకున్నది ఎప్పుడూ చూడలేదు.

“ఏమిటమ్మా?”

“ఏం లేదు.”

“ఏదో ఉంది.”

ఆమె అయస్కాంతం పక్కన పెట్టింది. “మెడ” అంది. “చీటీలో మెడ పదకొండు అని ఉంది.”

“పదకొండా? చీటీలో ఏముంటే అదే కుడతానంటావు కదా!”

“అంటాను. అంతటి ఛాతీ ఉన్న మనిషికి పదకొండు అంగుళాల మెడేమిటి? చెయ్యి వణికి ఒకటి వేశారు, అది రెండు అయ్యుంటుంది అనుకున్నా. మిగతాదంతా ఎలా ఉన్నా సరే, వేసుకున్నవాడికి ఊపిరాడాలి కదా బావగారూ. అందుకని ఇరవై ఒకటి చేశాను. ఆ ఒక్కటే. నా జన్మలో ఆ ఒక్కటే మార్చాను.”

కూతురు ఫోను తీసి తండ్రి చేతికిచ్చింది. ఈసారి ఆయనే కొట్టారు, ఒక్కో అంకె పైకి చదువుతూ. పదకొండు దగ్గర మరదలు కళ్ళు మూసుకుంది. ఆమె కళ్ళు తెరిచేసరికి తెర నిండా చిన్న చిన్న బొమ్మలు. అందరూ అదే అద్దం పక్కన నిలబడ్డ మనుషులు, కొత్త బట్టల్లో, పొట్టలు లోపలికి లాక్కుని.

ఆ సాయంత్రం ఇంక ఎవరూ పని చెయ్యలేదు. బల్లకి ముగ్గురూ మూడు వైపుల చేరి ఒక్కో వీడియో చూశారు. కనబడని మనిషి అందరినీ ఆటపట్టిస్తూనే ఉంది. మాస్టారు ఏడుస్తారేమోనని కూతురు రెండుమూడుసార్లు దొంగచూపులు చూసింది గాని, ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని, మంచి కబురు వింటున్నవాడిలా వింటున్నారు.

అందులో ఒక వీడియోలో మనుషులెవరూ లేరు. కాగితం మాత్రం ఉంది. కొత్త కస్టమర్, పొడవు ముప్పై ఎనిమిది, భుజం పదమూడు.

“ఇదిగో” అంటోంది ఆవిడ గొంతు, నవ్వాపుకుంటూ. “ఈయన చీటీని సొరుగులో పెట్టి దాచానంటున్నారు. ఆ సొరుగు సంగతి నాకు తెలియదూ? అందుకే ఇక్కడ ఇంకో కాపీ తీసి పెడుతున్నా. ఎక్కడికీ పోదు.”

పోలేదు నిజమే. తాళంచెవిని పెట్టెలోపల భద్రంగా పెట్టి పెట్టెకి తాళం వేసింది. అమ్మా నువ్వు కూడానా అని కూతురు నుదురు కొట్టుకుంది.

నవ్వులు సద్దుమణిగాక మాస్టారు తనంతట తానే అన్నారు, నీ యాప్ ఏదో పెట్టవే, కానీ ముందు నా అనుమానాలు తీర్చు అని. కూతురు ఓపిగ్గా చెప్పింది. పెట్టె కంపెనీ దగ్గరున్నా తాళం మన దగ్గరే ఉంటుంది. మంచి యాప్‌లో తాళం లేకుండా వాళ్ళు తెరిచినా గజిబిజి తప్ప ఏమీ కనబడదు. ఇప్పుడు ఆయన చేస్తున్నది అంతకన్నా అధ్వాన్నం, అన్ని తలుపులకీ ఒకే తాళం, దాన్ని వేలాడదీసింది క్యాలెండర్‌కి. యాప్‌లో అయితే ఒక్కో తలుపుకి ఒక్కో పొడవాటి తాళం అదే తయారు చేస్తుంది. ఆయన గుర్తుంచుకోవాల్సింది ఒకటే, ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు. కొత్త ఫోనులో తెరిచినప్పుడు రెండో తాళంగా ఇంకో అంకె అడుగుతుంది.

“మరి ఆ ఒక్కటీ నేను మర్చిపోతే?”

“వాళ్ళు కూడా ఏం చెయ్యలేరు నాన్నా.”

మాస్టారు ఆ జవాబుకి చాలాసేపు తల ఊపారు. తర్వాత ఆయన నిర్ణయించిన పద్ధతి ఇది. ఆ మాటలు కాగితం మీద రెండు కాపీలు రాయాలి, రెండూ పెట్టె బయటే ఉండాలి. ఒకటి ఆయన బీరువాలో, ఇంకోటి కూతురి ఇంట్లో తాళం వేసిన అరలో, సీలు చేసిన కవర్లలో. పైన కొత్త కస్టమర్ అని కాకుండా అదేమిటో ఉన్నది ఉన్నట్టు రాయాలి. బీరువాలో కవరుందని మరదలికి చెప్పి ఉంచాలి. “దాచడం ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎవరికో ఒకరికి చెప్పడం కూడా ఉంది ఇందులో” అన్నారు. ఆ రెండు చీటీలూ పని అయినా చించకూడదని మరదలికి మరీ మరీ చెప్పారు.

ఆల్బమ్‌కి కొత్త పాస్‌వర్డ్ యాప్ తయారు చేసింది. ఇరవై అక్షరాలు, అంకెలు, వంకర గుర్తులు. మాస్టారు దాన్ని మరదలికి చూపించి, ఈ కొలతలకి కుట్టు చూద్దాం అన్నారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివి, గుడ్డ చాలదండీ అంది.

షాపు మూసే ముందు ఆమె కుట్లు విప్పే పనిముట్టు తీసుకుని చొక్కా దగ్గరికి వచ్చింది. కాలర్ విప్పి పదకొండుకి సరిచేస్తుందట. చీటీలో ఒకటుంటే తను ఒకటి కుట్టిన సంగతి బయటపడ్డాక ఆమెకి మనసొప్పడం లేదు.

“దాన్నలా ఉండనివ్వు” అన్నారు మాస్టారు. “ఊపిరాడనీ.”

అంటూనే దాన్ని తన చొక్కా మీద తొడుక్కుని, అద్దం పక్కన నిలబడ్డారు. ఫోటో తియ్యకుండా బట్ట షాపు దాటకూడదు. ఇది రెండేళ్ళుగా ఆ పద్ధతి తప్పి ఉంది. చొక్కా చేతులు వేళ్ళ మీదికి జారుతున్నాయి. భుజాలు చెవుల్లోకి లాగుతున్నాయి. కూతురు ఫోను ఎత్తి వీడియో నొక్కింది. ఆ ఆల్బమ్‌లో రెండేళ్ళ తర్వాత చేరిన మొదటి వీడియో అది. దాంట్లో మాస్టారు ఒక్కరే కనబడతారు. వెనకనుంచి మరదలి మాట వినబడుతుంది.

“బావగారూ, కాస్త నిటారుగా నిలబడండి. కుట్టింది నేను, పరువు నాది.”